రేపటి లిస్టు

లిస్టు పొట్టిదైంది.

మెట్ల కింద పిండి బస్తాల పక్కన, చల్లటి గచ్చు మీద కూర్చుని, ఆ పొట్టి లిస్టును చూసి ఒక్కదాన్నే నవ్వేశాను. శుక్రవారం తర్వాత ఈ ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదలు.

గురువారం తారీఖు పెట్టి చూస్తున్నాను. నమ్మకం కుదరక ఆర్డరు ఫారం మూసి మళ్లీ తెరిచాను. డ్రాప్‌డౌన్ నొక్కాను. నూనెతో చేసిన వనిలిత్సాలనే జాము బిస్కెట్లు, వాల్‌నట్ చుట్టలు, తేనె బిస్కెట్లు, అంతే. పందికొవ్వు లేదు, వెన్న లేదు, గుడ్డు లేదు. ఉపవాసం రోజున ఏవి కనపడాలో అవే కనపడ్డాయి. కంప్యూటర్లో తారీఖు ఒక రోజు ముందుకు జరిపి, ఏదీ ఆర్పకుండా, ఫారం ఇంకోసారి తెరిచాను. లిస్టు పొడుగైంది. వెన్న, గుడ్డు, కొవ్వు అన్నీ వచ్చి కూర్చున్నాయి. వెనక్కి జరిపాను. బుద్ధిగా పొట్టిదైపోయింది.

పోయిందనుకున్న చెవిపోగు దిండు కింద దొరికినట్టుంది నాకు.

నాకు చిన్నవాటికే సంతోషం పొంగుతుంది. పెళ్లినాడు గుచ్చుకున్న రోజ్‌మేరీ కొమ్మ ఇంకా మా అద్దం అంచున వాసన వేస్తూనే ఉంది. కింద బట్టీ వేడికి మా గది నేల వెచ్చగా ఉంటుంది, నవంబరులో కూడా ఒట్టి కాళ్లతో తిరగొచ్చు. మా ఆయన వెల్కో తెల్లవారుజాము పని ముగించి పైకి వచ్చేసరికి కనురెప్పల మీద పిండి ఉంటుంది. దాన్ని ఊదే హక్కు నాది. రోజు గడవడానికి ఇవి చాలు నాకు.

అందుకే ఆ నిమిషంలో, పైన భోజనాల బల్ల దగ్గర ముగ్గురు మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా సూపు తాగుతున్నారన్న సంగతే మర్చిపోయాను.

తప్పు చెప్పుకోవడానికి ఎంత చిన్నదో. మా అత్తగారి బేకరీ ఫారంలో రేపటికి మాత్రమే ఆర్డరు ఇవ్వొచ్చు. రేపు బుధవారమో శుక్రవారమో అయితే ఉపవాసం; అప్పుడు కొవ్వు, వెన్న, గుడ్డు పడ్డ సరుకు లిస్టులో కనపడకూడదు. అలా వడకట్టే వాక్యం రాసింది నేనే, కాపురానికి వచ్చిన కొత్తలో, అత్తగారికి నా కానుకగా. ఫారం తెరిచిన ప్రతిసారీ నడిచే చోట పెట్టాల్సిన ఆ వాక్యాన్ని, ప్రోగ్రాం నిద్ర లేచేటప్పుడు ఒక్కసారే చదివే చోట పెట్టాను. లేస్తూనే అది రేపంటే ఏ రోజో చూసుకుని లిస్టు సిద్ధం చేసుకుంటుంది. మళ్లీ పడుకుని లేచేదాకా దానికి అదే రేపు.

కిందటి వారం అది లేచింది బుధవారం రాత్రి. బుధవారం లేచినదానికి గురువారమంతా కూడా రేపంటే గురువారమే. రాబోయేది ఉపవాసపు శుక్రవారమని దానికి తెలియనే తెలియదు.

వాక్యం చోటు మార్చాను. అంతే పని. కీబోర్డు బస్తా మీద పెట్టి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

పైన వంటింట్లో కోడి సూపు చల్లారిపోతోంది. ఆదివారం కాబట్టి కొట్టు మధ్యాహ్నానికే మూశాం. అత్తయ్య స్తోయాంకా బల్ల తలాపున కూర్చుని చెంచాతో సేమ్యాను ఒక అంచుకు నెడుతోంది. ఎదురుగా వెల్కో అక్క జాగొర్కా, నిలబడే రొట్టె కోస్తోంది. వెల్కో నా కుర్చీ మీద చెయ్యి వేసి ఉంచాడు, ఇంకెవరో వచ్చి కూర్చుంటారన్నట్టు.

అల్మరా మీద చొక్కా ఉంది. నిన్న సాయంత్రం పెట్టిన చోటే ఉంది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు, కదపలేదు, దాని మీద పడ్డ దారప్పోగును కూడా తియ్యలేదు. కాలరు మడత చెదరకుండా ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. పెళ్లిలో కుమ్ రాదోష్‌కు నేను నా చేత్తో పెట్టింది.

పైన దేవుడు, కింద కుమ్ అంటారు మావాళ్లు. పెళ్లిలో వెనక నిలబడి సాక్ష్యం చెప్పే మనిషి, పుట్టిన బిడ్డకు పేరు పెట్టే మనిషి. అన్నదమ్ములు కొట్టుకుంటే పండక్కి కలుస్తారు. కుమ్ చొక్కా తిప్పి పంపితే ఇక ఆ గుమ్మం తొక్కేది లేదు, పుట్టబోయే బిడ్డలకు పేరు పెట్టే గొంతు ఉండదు. వెల్కో నిన్నటి నుంచి మాట్లాడటం లేదు. రాదోష్, తను ఒకే బెంచీ మీద చదువుకున్నారు, ఒకే సైకిలు మీద కొలుబారా ఏట్లో పడ్డారు.

జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పొచ్చు. రాదోష్ వాళ్ల ఇంటి వేల్పు రోజు, స్లావా, మిఖాయిలు దేవదూత పండగ. ఈసారి శుక్రవారం పడింది. అతని భార్య యాస్నా గురువారం ఫోన్లో ఆర్డరు చెప్పబోతే నేనే వద్దన్నాను, ఫారంలో పంపు, ఉపవాసం సంగతి అదే చూసుకుంటుంది అన్నాను. గొప్పకు పోయాను. ఆమె వనిలిత్సాలు ఎంచుకుంది. ఫారంలో రెండు రకాలకూ పేరు అదే, మామూలు రోజున నొక్కితే ఆర్డరు కొవ్వువాటికే పడుతుంది. నూనెవీ కొవ్వువీ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి, పైన చక్కెర పొడి చల్లాక మరీను. తేడా నాలుకకే తెలుస్తుంది. చేపలు, బీన్సు సర్దిన బల్ల దగ్గర, చర్చి ఫాదర్ ఎదుట, రాదోష్ నాయనమ్మ ఒకటి నోట్లో పెట్టుకుంది. పెద్దాయన పోయిన నాటి నుంచి ఒక్క ఉపవాసం తప్పని మనిషి. నమలడం ఆపింది. రుమాలులోకి ఉమ్మేసి, వెలుగుతున్న ఇంటి కొవ్వొత్తి వైపు తిరిగి శిలువ వేసుకుని, బల్ల దగ్గర నుంచి లేచిపోయింది.

అంతటితో ఆగినా సర్దుకునేది. నిన్న పొద్దున యాస్నా మిగిలిన తట్ట తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. కొట్టు నిండా రొట్టెకు వచ్చిన జనం. ఆమె గొడవకు రాలేదు. గొంతు తగ్గించి, ఎక్కడ పొరపాటు జరిగిందో చూడండి పిన్నీ, అని అడిగింది. అత్తయ్య బల్ల మీద నుంచి వేడి రొట్టె ఒకటి తీసి రెండు చేతులతో పట్టుకుంది.

"ఈ రొట్టె మీద ఒట్టు. నా కోడలి ఫారం తప్పు చూపించదు. శుక్రవారమేదో తెలియని ఇంట్లో వేలు ఎక్కడ పడితే అక్కడ పడుతుంది."

నేను వెనక గదిలో అట్టపెట్టెలు మడుస్తున్నాను. నిజం చెప్పాలంటే యాస్నా మొహం ఎలా ఉందోనన్న ఆలోచన నాకు రాలేదు. నా కోడలు అన్న మాటే వినపడింది. అంతవరకు ఆవిడ నోట నేను వెల్కో పెళ్లామే, లేదంటే ఆ అమ్మాయే. పెట్టె మడతలో మొహం దాచుకుని సంతోషపడ్డాను. సాయంత్రానికి రాదోష్ వచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా, ఆ చొక్కా పెట్టి వెళ్లిపోయాడు.

అలాంటి బల్ల దగ్గరికి నేను ఊపిరి అందకుండా వచ్చి దొరికిందన్నాను.

వెల్కో ఒక్కడే తలెత్తాడు. ఏది దొరికిందని జాగొర్కా అడిగింది, కత్తి ఆపకుండా. తప్పు దొరికిందన్నాను. ఎక్కడుందో, ఎందుకొచ్చిందో, వాక్యాన్ని ఎక్కడి నుంచి ఎక్కడికి మార్చానో గబగబా చెప్పేశాను. ఇక ఏ శుక్రవారమూ పొరపాటు రాదన్నాను. చెబుతూ చెబుతూ ఉండగానే నా గొంతు నాకే పెద్దగా వినపడటం మొదలైంది.

అత్తయ్య చెంచా కింద పెట్టింది.

"అంటే యాస్నా తప్పుగా నొక్కలేదు."

"లేదత్తయ్యా. ఆమెకు కనపడ్డ లిస్టే తప్పు."

"నువ్వు రాసిన లిస్టు."

"నేను రాసిందే. కానీ ఇప్పుడు బాగైపోయింది."

"బాగైపోయిందా." ఆవిడ అల్మరా వైపు చూసింది. "మరి ఆ చొక్కా లేచి నడుచుకుంటూ వాళ్లింటికి పోలేదేం?"

నేను కూర్చున్నాను. వెల్కో చెయ్యి నా కుర్చీ మీద నుంచి నా భుజం మీదికి వచ్చింది, తర్వాత ఏమనుకుందో వెనక్కి వెళ్లిపోయింది.

"యంత్రం బాగైందటమ్మా," అంది జాగొర్కా. "నువ్వు అబద్ధపు ఒట్టు వేస్తే వేశావు గానీ యంత్రం బాగైంది. కొవ్వొత్తి వెలిగించనా? పెద్ద చదువు చదివిన కోడలు తెచ్చిన శుభవార్త."

అక్కా, చాలు, అన్నాడు వెల్కో. నిన్నటి నుంచి అతని నోట వచ్చిన మొదటి మాట అది. నా వైపు మాట్లాడాడని నాకు మళ్లీ పొంగు వచ్చింది. ఎంత పిచ్చిదాన్ని.

అత్తయ్య కిటికీ వైపు తిరిగింది. కిటికీ అద్దం మీద ఆవిరి. అవతల తెష్న్యార్ వీధి రాళ్ల మీద ఎవరో తోపుడుబండి లాక్కెళ్తున్న చప్పుడు. తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్నకు నేను సిద్ధంగా లేను. మీ పెళ్లయిన దగ్గర్నుంచి శుక్రవారాలు రాలేదా, బుధవారాలు రాలేదా, అప్పుడెప్పుడూ రాని తప్పు ఇప్పుడెందుకు వచ్చిందంది.

మీరు రోజూ రాత్రి కంప్యూటరు ఆర్పేస్తారు కదా అత్తయ్యా, అందుకని రాలేదన్నాను. నిప్పంటుకుంటుందన్న భయంతో ఆవిడ నిద్రపోయే ముందు దాన్ని ఆర్పి, తీగ కూడా పీకి, దీపం పట్టుకుని మరీ చూసుకునేది. పొద్దున్నే నేను దిగి వెలిగించేదాన్ని. పొద్దున లేచిన ప్రోగ్రాముకు రేపు సరిగ్గానే తెలుస్తుంది. ఆవిడ భయమే ఇన్నాళ్లూ నా తప్పును కప్పింది.

"బుధవారం కూడా ఆర్పాను," అంది అత్తయ్య. "తీగ పీకాను."

అప్పుడు గాని నాకు తట్టలేదు. ఆర్పిన యంత్రం బుధవారం రాత్రి మళ్లీ ఎలా లేచింది? ఇంతసేపూ ఎలా లేచిందని కాదు, ఎప్పుడు లేచిందనే చూసుకున్నాను.

వెల్కో రొట్టె ముక్కను వేళ్లతో చిదుముతున్నాడు.

"నేనే," అన్నాడు. "నువ్వు పడుకున్నాక తీగ పెట్టి వెలిగించానమ్మా."

"ఎందుకు?"

"పొద్దున్నే నేదా చలిలో దిగుతోంది. ఆ మెట్ల కింద ఎంత చల్లగా ఉంటుందో నీకు తెలుసు. నేను వెలిగిస్తాలే, నువ్వు పడుకో అని తనకు చెప్పాను. వెలుగు నీకు కనపడకుండా పిండిగుడ్డ కప్పాను."

గురువారం పొద్దున నేను దుప్పటి ముసుగుతన్ని, కింద బట్టీ తలుపు చప్పుడు వింటూ, ఇంకో గంట పడుకున్నాను. మా ఆయన నా కోసం చలిలో దిగి కంప్యూటరు వెలిగిస్తున్నాడని ఆ గంటంతా మురిసిపోయాను. పెళ్లయిన నాటి నుంచి అంత తియ్యటి నిద్ర పట్టలేదు. ఆ నిద్ర ఖరీదు ఎదురుగా అల్మరా మీద ఉంది, ఇస్త్రీ మడతలతో.

అత్తయ్య కొడుకు వైపు చూసిన చూపులో కోపం ఉంటే బాగుండేది.

"మీ నాన్న బతికున్న రోజుల్లో," అంది, "నిన్ను కడుపులో మోస్తూ మంచు తవ్వుకుంటూ వచ్చి ఈ బట్టీ వెలిగించాను. నా కోసం ఎవరూ గుడ్డ కప్పలేదు."

సూపు మీద కొవ్వు పొర కట్టింది. బల్ల కింద వెల్కో పాదం నా పాదాన్ని వెతుక్కుంటూ వచ్చింది. ఎప్పుడూ నేనే ముందు ఆనిస్తాను. ఇవాళ కాలు వెనక్కి తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో నాకే తెలియదు. అతను నన్ను ప్రేమించడం తప్ప ఏం చేశాడని.

ఏదో ఒకటి మాట్లాడాలి. నిశ్శబ్దం నాకు పడదు. మాకు చదువు చెప్పిన మాస్టారు అనేవారు, తప్పు దొరికితే అది ఎంతమందికి తగిలిందో కూడా చూడాలని. ఆ అలవాటు కొద్దీ నోటికొచ్చింది అనేశాను.

"ఒక్క కుమ్ వాళ్లకే కాదత్తయ్యా. ఆ గురువారం ఫారంలో పంపిన వాళ్లందరికీ అదే లిస్టు కనపడింది. తెలియకుండానే అందరికీ కొవ్వు సరుకే పడింది."

యాస్నా ఒక్కదానిదే పొరపాటు కాదని, ఊరంతా అలాగే నొక్కిందని, ఆమె పక్షాన చెబుతున్నాననుకున్నాను.

అత్తయ్య తల మెల్లగా ఎత్తింది.

"అందరికీనా?"

"అందరికీ."

"మిఖాయిలు పండగ. మన వాల్యెవో ఊళ్లో సగం ఇళ్ల వేల్పు. మన తట్టలు ఎన్ని ఇళ్లకు వెళ్లాయి ఆ రోజు." ఆవిడ ఒక్కో మాటనూ బల్ల మీద పెడుతున్నట్టు మాట్లాడింది. "మరి వాళ్లలో ఒక్కరు కూడా రాలేదేం? ఒక్కరు కూడా తట్ట తిప్పి పంపలేదేం?"

ఆ ప్రశ్న నేను వేసుకోనే లేదు. వెల్కో కనుబొమలు ముడిపడ్డాయి.

జాగొర్కా రొట్టె కొయ్యడం ఆపింది.

ఫారంలో వచ్చిన ఆర్డర్లు చూసి తట్టలు కట్టేది ఆమే. మా కొట్లో రెండు రకాల సరుకూ రోజూ ఉంటుంది, ఉపవాసం పట్టని వాళ్లూ కొంటారు గనుక. ఏ అర నుంచి తీసి కట్టాలన్నది ఆమె చేతిలో పని. చచ్చవుకంగా కోసిన ముక్కలు పళ్లెంలో పేర్చి, కత్తి తుడిచి పక్కన పెట్టి, అప్పుడు కూర్చుంది.

"మార్చి కట్టాను," అంది.

"ఏం మార్చావు?"

"శుక్రవారం పండక్కి కొవ్వు సరుకు అడిగితే ఫారం చెడిందని నాకు తెలియదా? నాకు కళ్లు లేవా? అందరికీ నూనెవే కట్టాను."

"అందరికీనా," అంది అత్తయ్య మళ్లీ. ఈసారి అది ప్రశ్న కాదు.

జాగొర్కా పక్కనున్న కత్తిని ఇంకోసారి తుడిచింది. వెల్కో కుర్చీ వెనక్కి జరిగి గోడకు తగిలింది. రాదోష్ వాళ్లకు ఎందుకు మార్చలేదక్కా, అని అడిగాడు. అరవలేదు. అరవడం కన్నా అన్యాయంగా ఉంది ఆ గొంతు.

"పరాయివాళ్లకు తప్పు సరుకు పోతే కొట్టు మూతపడుతుంది," అంది జాగొర్కా. "కుమ్ మనవాడు. నాలుగు మాటలంటాడు, ఒక గ్లాసు రాకియా తాగుతాడు, సర్దుకుంటాడు అనుకున్నాను. అమ్మకు మాత్రం తెలుస్తుంది, ఆ యంత్రం చేతిలో ఇల్లు పెడితే ఏమవుతుందో. అంతవరకే అనుకున్నాను."

"నాకు చెప్పొచ్చు కదా వదినా," అన్నాను. "ఫారం చెడిందని ఒక్క మాట. మెట్ల కిందే ఉన్నాను."

ఆమె మొదటిసారి నా వైపు తిరిగింది. ఇన్నాళ్లూ నా భుజం అవతల ఎక్కడో చూస్తూ మాట్లాడేది.

"నువ్వు రాకముందు ఈ ఊళ్లో స్లావా ఎవరింట్లో ఉన్నా నాకు ఫోన్ చేసేవాళ్లు. జాగొర్కా, రేపు మా వేల్పు, నీకు తెలుసుగా ఏం కావాలో అనేవాళ్లు. పిల్లల సంగతి, మోకాళ్ల సంగతి, అన్నీ చెప్పేవాళ్లు. మొగుణ్ని వదిలేసి వచ్చిందని వీధిలో పలకరించనివాళ్లు కూడా ఫోన్లో మాట్లాడేవాళ్లు. నీ ఫారం వచ్చాక ఫోను మోగడం మానేసింది. మధ్యాహ్నం పూట ఆ కౌంటర్ దగ్గర ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నీకు తెలుసా? నీకెలా తెలుస్తుంది. నువ్వు పైన వెచ్చటి గదిలో పాట పాడుకుంటూ ఉంటావు."

నేను పాడతాను, నిజమే. ఎవరికీ వినపడదనుకున్నాను.

అత్తయ్య లేచి నిలబడింది. ఒట్టు వేయించావే నా చేత, అంది కూతురితో. రొట్టె పట్టుకుని, ఊరి జనం ముందు, ఏ పాపమూ ఎరగని పిల్లను తిట్టాను, నువ్వు నా పక్కనే నిలబడి చిల్లర లెక్కపెట్టావు. ఒక్క మాట అని ఉంటే నా నోరు ఆగేది.

"నువ్వు ఒట్టు వేస్తావని నాకేం తెలుసమ్మా?" జాగొర్కా పళ్లెం పక్కకు నెట్టింది. "నా కాపురం పోయి నేను పెట్టె పట్టుకుని వచ్చినప్పుడు ఇదే కొట్లో, ఇదే జనం, నాదే తప్పన్నారు. నువ్వు రొట్టెలు అందిస్తూ ఉన్నావు. నా కూతురిది తప్పు కాదని ఒక్క రొట్టె ముక్క మీదైనా ఒట్టు వేశావా? నిన్న వచ్చినదాని కోసం వేశావు. నేనెలా ఆపను? నాకు నోరు రాలేదు."

నిన్న వచ్చినదాన్ని నేనే. కోపం రావాలి నాకు. రాలేదు. నా కోడలు అన్న ఆ మాటను నిన్నటి నుంచి చక్కెర బిళ్లలా బుగ్గన పెట్టుకుని తిరుగుతున్నాను. అది ఎవరి నోట్లోంచి తీసి నాకిచ్చారో ఇప్పుడు తెలిసింది. తియ్యదనం పోయి పంటికి రాయిలా తగిలింది.

అత్తయ్య సూపు గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టింది. తడిగుడ్డ తెచ్చి బల్ల తుడిచింది, మా మోచేతుల చుట్టూ, మమ్మల్ని లేవమనకుండా. ఆవిడ ఏడుస్తోందేమోనని చూశాను. లేదు. దుకాణంలో పొద్దున పిండి తూచేటప్పుడు మొహం ఎలా ఉంటుందో అలాగే ఉంది.

గుడ్డ పిండి ఆరేసి, చేతులు తుడుచుకుని, అల్మరా దగ్గరికి వెళ్లింది. చొక్కా మీది దారప్పోగు వేళ్లతో తీసింది.

నేను వెళ్తానమ్మా రాదోష్ దగ్గరికి, అన్నాడు వెల్కో. యంత్రం వెలిగించింది నేను, నాదే తప్పని చెబుతాను. కాదు, రాసింది నేను, నేను వెళ్తాను, అన్నాను. జాగొర్కా మాత్రం పళ్లెంలోని రొట్టె ముక్కల్ని చూస్తూ కూర్చుంది.

"మీరెవరూ ఒంటరిగా వెళ్లరు," అంది అత్తయ్య. "రేపు కొట్టు తెరవం. రాదోష్ సోమవారం మధ్యాహ్నం దాకా ఇంట్లోనే ఉంటాడు, నాయనమ్మా ఉంటుంది. రొట్టె పట్టుకుని అబద్ధం చెప్పాను, రొట్టె పట్టుకునే వెనక్కి తీసుకుంటాను. తెల్లవారేసరికి బట్టీలో ఒక్క రొట్టె కాలుస్తాను, అదొక్కటే. వెల్కో, నువ్వు ఇక్కడే ఉండి, తలుపు కొట్టిన వాళ్లకు లేదని చెప్పు."

తర్వాత మా ఇద్దరి వైపు తిరిగింది.

"జాగొర్కా, చొక్కా నువ్వు పట్టుకుంటావు. నేదా, నూనె వనిలిత్సాల తట్ట నువ్వు. ఇద్దరూ నాకు చెరో పక్కన నడవండి, ముందొకరు వెనకొకరు వద్దు. వీధి చూస్తుంది."

"అక్కడ ఏమని చెబుతావమ్మా?" వెల్కో అడిగాడు. "ఎవరి తప్పని?"

"తప్పు నలుగురిదీ. కానీ మనసు విరిగిన మనిషి ఎదుట నలుగురి పేర్లు చదువుతూ నిలబడితే అది క్షమాపణ కాదు, పంచాయితీ అవుతుంది. ఒక్క పేరే చెబుతాను. ఆ పేరుగల మనిషి నాయనమ్మ చెయ్యి ముద్దుపెట్టుకుని, ఇక ఈ ఊళ్లో ఆ నింద మోస్తుంది."

నేను జాగొర్కా వైపు చూశాను. ఆమె అప్పటికే నా వైపు చూస్తోంది.

"ఎవరి పేరత్తయ్యా?" అన్నాను.

ఆవిడ చొక్కా తీసి కూతురి ఒళ్లో పెట్టింది, చంటిబిడ్డను అందించినట్టు.

"పొద్దున బయల్దేరతాం. కొలుబారా వంతెన దాటాక చెబుతాను."